ఏ సాల్ బండి?

మా నల్గొండలో ఒక బుల్లెట్ మిస్త్రీ ఉండేవారు. చిన్నా పెద్దా అందరం ఉస్తాద్ అనేవాళ్లం. దుకాణానికి ఎవరొచ్చినా సలాంకు జవాబిచ్చి, చేతిలో పానా పక్కన పెట్టి అడిగే మొదటి సవాల్ ఒక్కటే: "సాల్ కౌన్‌సా?" బండికేం తక్లీఫ్ అనేది ఆ తర్వాతే. చిన్నప్పుడు నాకిది అజీబ్‌గా అనిపించేది. ఒకసారి అడిగితే నవ్వి, "బండి పేరు ధోకా ఇస్తది బేటా, సాల్ ఇయ్యదు" అన్నారు. ఆ మాట మతలబ్ నాకు అర్థం కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మధ్యలో మా అబ్బా మణికట్టు కూడా విరిగింది.

ఇప్పుడు మా ఇంటి వాకిట్లో మూడు బండ్లున్నాయి. అబ్బాది 1984 బుల్లెట్. నాది 2003 థండర్‌బర్డ్. మూడోది మా భాంజాది, 2021 మీటియర్. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. మూడూ ఒకే ఖాన్‌దాన్ బండ్లు. నంబర్ ప్లేట్లు చూస్తే మన ఇలాఖా తారీఖ్ అంతా కనిపిస్తుంది. అబ్బా బండికి పాతకాలపు మూడక్షరాల నంబరు. నాదానికి ఏపీ 24, ఉమ్మడి రాష్ట్రంలో నల్గొండ జిల్లా నంబరు. భాంజాదానికి టీఎస్ 06, తెలంగాణ వచ్చాక మహబూబ్‌నగర్‌కు ఇచ్చింది. 2024 నుంచి కొనేవాళ్లకు టీజీ.

బుల్లెట్ అనే పేరు ఇంగ్లండ్‌లోని రెడిచ్ కారఖానాలో 1932లో పుట్టింది. 1949లో వెనక చక్రానికి కూడా షాక్ అబ్జార్బర్లు పెట్టి 350ని కొత్తగా తయారుచేశారు. ఆ తర్వాత కొద్దేళ్లకే మన ఫౌజ్ సరిహద్దుల్లో గస్తీకి దాన్ని ఎంచుకుంది. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూర్‌లో కారఖానా లేచింది. అదే ఏడు డిసెంబర్ 10న మన జిల్లాలో నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. అబ్బా ఆ సాగర్ ఎడమ కాలువ మీదే వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా నౌకరీ చేశారు. మిర్యాలగూడ దిక్కు మట్టి కట్టల మీద రోజంతా తిరిగే పని. 1970కల్లా ఇంగ్లండ్‌లో అసలు కంపెనీ మూతపడింది. మద్రాసులో మాత్రం బుల్లెట్ ఆగలేదు. విలాయతీ బండి హిందుస్తానీ అయిపోయింది.

అబ్బా 1984 బండి నడపాలంటే మనిషికే కొంత ఇల్మ్ కావాలి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇది పాత ఇంగ్లీషు రివాజు. గేర్లు నాలుగే. కుడిపక్క మడమ దగ్గర ఇంకో చిన్న లివర్ ఉంటుంది. రెండో గేరులో ఉన్నా నాలుగులో ఉన్నా దాన్ని తొక్కితే తిన్నగా న్యూట్రల్‌కు వస్తుంది. స్టార్ట్ చేయడం వేరే హునర్. తాళం తిప్పి, కిక్‌ను మెల్లగా తొక్కుతూ హెడ్‌లైట్ మీది ఆంపియర్ ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి. డీకంప్రెషర్ నొక్కి పిస్టన్‌ను పైకొస దాటించాలి. అప్పుడు నిండుగా ఒక్క కిక్. తొందరపడితే కిక్ ఎదురుతన్నేది. అబ్బా పిండం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక మిస్త్రీకి కావలసిన ఇల్మ్ దానికి నాలుగింతలు. ఇంజన్‌కు ఒక నూనె, ప్రైమరీ చైన్ డబ్బాకు ఒకటి, గేర్‌బాక్స్‌కు ఇంకోటి, మూడూ వేర్వేరు. పాయింట్ల సందు 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ట్యాపెట్లు పట్టేటప్పుడు ఉస్తాద్ చల్లటి ఇంజన్ మూత విప్పి, పుష్‌రాడ్‌ను రెండు వేళ్ల నడుమ పెట్టి చూసేవారు. తస్బీహ్ దానాలా సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలొద్దు. "కాన్ లగాకే సున్" అని షాగిర్దులను ఇంజన్ దగ్గర కూర్చోబెట్టేవారు. ఆయన దుకాణంలో పుస్తకం లేదు. ఇల్మ్ అంతా వేళ్లలో, చెవుల్లో ఉండేది.

1994లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఐషర్ చేతికి పోయింది. 2002లో థండర్‌బర్డ్ వచ్చింది. సీటు కిందికి, హ్యాండిల్ పైకి. వెనక్కి వాలి హాయిగా దూరాలు పోయే క్రూజర్ తరహా బండి. కాస్ట్ ఐరన్ ఇంజన్ జాగాలో ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సాయంతో తయారైన అల్యూమినియం ఇంజన్. గేర్లు ఐదు, అవీ ఎడమకాలికి. అంటే బ్రేకు కుడికాలికి. మిగతా కంపెనీల బండ్లన్నీ అప్పటికే అట్లనే ఉన్నాయి కాబట్టి నాలాంటి వాళ్లకు ఇది రాహత్. 2003లో కొన్నాను. అబ్బా ట్యాంకు నిమిరి, "అచ్ఛీ హై, మగర్ ఉల్టీ హై" అన్నారు.

2006లో ఆపా ఇంటికి బయల్దేరాం. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. కల్వకుర్తి దాటాక కాసేపు తాను నడుపుతానన్నారు అబ్బా. ఇరవై ఏళ్లు బుల్లెట్ నడిపిన మనిషి కదా, కాదనబుద్ధి కాలేదు. ఖాళీ రోడ్డు, హాయిగా పోతున్నాం. ఉన్నట్టుండి మేకపిల్ల అడ్డం వచ్చింది. అబ్బా ఎడమకాలితో గట్టిగా తొక్కారు. అక్కడ ఉన్నది బ్రేకు కాదు, గేరు. గేరు ఒకటి తగ్గి బండి ఎగిరిపడింది గాని ఆగలేదు. రోడ్డు పక్క మొరంలో ఇద్దరం పడ్డాం. నాకు మోచేయి గీరుకుపోయింది. అబ్బా మణికట్టు విరిగింది. మేకపిల్ల సలామత్.

ఖసూర్ బండిది కాదు, అబ్బాది కూడా అనలేను. మామూలుగా పోయేటప్పుడు దిమాగ్ కాలికి హుకుం ఇస్తుంది. ఖత్రా వచ్చినప్పుడు కాలు దిమాగ్‌ను అడగదు. ఇరవై ఏళ్ల ఆదత్ ఏ దిక్కు చెప్తే ఆ దిక్కే తొక్కుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే తాళం ఇచ్చేవాణ్ణి కాదు. ఉస్తాద్‌కు చెప్తే కొద్దిసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "సాల్ నహీఁ పూఛా నా తుమ్" అన్నారు.

థండర్‌బర్డ్‌లో కూడా అన్ని సాల్‌లూ ఒకటి కావని తర్వాత తెలిసింది. నా 2003 బండిలో ఇంజన్ కొత్తదైనా గేర్‌బాక్స్ పాత పద్ధతిలో విడిగానే ఉంది. 2008లో వచ్చిన ట్విన్‌స్పార్క్‌లో ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే డబ్బాలోకి చేరాయి. అన్నిటికీ ఒకే నూనె. సిలిండర్‌కు రెండు ప్లగ్గులు. ట్యాపెట్లు హైడ్రాలిక్, వాటంతట అవే సర్దుకుంటాయి. అంటే పుష్‌రాడ్‌ను వేళ్ల మధ్య తిప్పి చూసే పని ఖతమ్. పేరు అదే, పోలిక అదే, లోపల వేరే బండి. ఒకసారి హైదరాబాద్‌లో "థండర్‌బర్డ్ గ్యాస్కెట్" అని అడిగి తెచ్చుకుంటే అది 2008 తర్వాతి బండిది. గలతీ నాదే. సాల్ చెప్పలేదు.

2012లో బండి మళ్లీ మారింది. ఇరవై లీటర్ల ట్యాంకు, ప్రొజెక్టర్ లైటు, వెనక చక్రానికి కూడా డిస్క్ బ్రేకు. పక్కనే 500 వచ్చింది, అందులో కార్బొరేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. 2018లో థండర్‌బర్డ్ ఎక్స్‌కు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. 2019 ఏప్రిల్ 1 నుంచి దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ లాజిమీ అయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కానూన్ వచ్చింది, థండర్‌బర్డ్ కథ అక్కడ ముగిసింది. ఆ నవంబర్‌లో దాని జాగాలో మీటియర్ 350 వచ్చింది.

ఇన్ని మార్పుల్లో ఒక్కటి మాత్రం మారలేదు. 1949 రెడిచ్ బుల్లెట్, అబ్బా 1984 బండి, నా 2003, ఆఖరి 350 థండర్‌బర్డ్, అన్నిట్లో సిలిండర్ కొలత ఒకటే: అడ్డం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90, మొత్తం 346 సీసీ. డెబ్బై ఏళ్లు నిలిచిన కొలత అది. మీటియర్‌తో అదీ మారింది: 72, 85.8, 349 సీసీ. పుష్‌రాడ్లు లేవు. వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ చేరింది. కిక్ అసలే లేదు. భాంజా బండి తెచ్చిన రోజు అబ్బా చుట్టూ తిరిగి కిక్ కోసం వెతికారు.

ఈ ఫర్కులన్నీ చూశాక నాకు తోచింది ఇది. ఏ సాల్ బండి గొప్పది అనేది సరైన సవాల్ కాదు. ఇల్మ్ ఎవరి దగ్గర ఉండాలని ఆ బండి అడుగుతుందో చూడాలి. 1984 బండి ఆ బోఝ్ నడిపేవాడి మీద, మిస్త్రీ మీద పెట్టింది. 2021 బండి కారఖానాలోనే ఆ పని పూర్తిచేసి పంపింది. దీన్ని నేను బురా అనను. 2006లో మా కింద ఏబీఎస్ ఉన్న బండి ఉన్నా ఎడమకాలు చేసిన గలతీని అది ఆపేది కాదు, నిజమే. కానీ వానలో జారే రోడ్డు మీద భాంజా సలామత్‌గా ఇంటికి వస్తున్నాడంటే అందులో దాని హిస్సా ఉంది.

నష్టం ఇంకోచోట జరిగింది. కొత్త బండికి తక్లీఫ్ వస్తే కంప్యూటర్ తగిలించి చూడాలి. ఆ మిషన్ ఉస్తాద్ దగ్గర లేదు. మొదట కొత్త బండ్లు రావడం తగ్గింది, తర్వాత షాగిర్దులు రావడం ఆగింది. కొడుకు జెద్దా పోయి ఏసీల పని నేర్చుకున్నాడు. "నా పని వాడికెందుకు నేర్పాలె? బండ్లే లేవు కదా" అన్నారు ఉస్తాద్ ఒకరోజు. ఆ మాటలో షికాయత్ లేదు, హిసాబ్ ఉంది. రెండేళ్ల కింద ఆయన ఇంతెఖాల్ అయ్యారు. అబ్బా బండి పాయింట్లు సరిచేసే చేయి మా గల్లీలో ఇప్పుడు లేదు.

పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తాజా చేయించాలి. ఈసారి ఆ గడువు దగ్గరపడుతుంటే ఒక సాహెబ్ వచ్చి మంచి ధర చెప్పాడు. గేరు ఎడమకు మార్చి, బటన్ స్టార్ట్ పెట్టించుకుంటాడట. నేను దాదాపు ఒప్పుకున్నాను. అబ్బా మాత్రం, "దానికి దాని సాల్ ఉండనీ" అన్నారు. అమ్మలేదు.

మీ ఇళ్లలోనూ ఇలా రెండు జమానాల బండ్లు ఉంటే ఒక్క గుజారిష్. పిల్లలకు గాని పెద్దలకు గాని తాళం ఇచ్చేముందు సాల్ చెప్పండి, బ్రేకు ఏ కాలికి ఉందో చూపించండి. ఆర్‌సీలో తయారైన నెల, సాల్ రాసి ఉంటాయి. సామాను కొనడానికి పోయేటప్పుడు అదీ జేబులో పెట్టుకోండి.

ఈ మధ్య అబ్బా, భాంజా రోజూ అసర్ తర్వాత వాకిట్లో ఉంటున్నారు. బుల్లెట్ పెద్ద స్టాండ్ మీద ఉంటుంది, ఇంజన్ బంద్. భాంజా కళ్లు మూసుకుని కూర్చుంటాడు. అబ్బా ఉన్నట్టుండి "బ్రేక్!" అని అరుస్తారు. మొదటి వారం ప్రతిసారీ కుడికాలే కదిలింది. నిన్న పదిసార్లలో ఏడుసార్లు ఎడమకాలు కదిలింది. పదికి పది వచ్చేదాకా తాళం అబ్బా జేబులోనే ఉంటుంది.