ఫాంట్ల వరసలో మన ‘తమ్ముడు’

నారళి పున్నమి నాడు సోలాపూర్‌లో మార్కండేయుని రథం ఊరేగుతుంది. ఆ రోజు ఎక్కడెక్కడి చుట్టాలూ ఇంటికి వస్తరు. వాళ్ళు వచ్చేలోపు మా వంశవృక్షాన్ని పెద్ద కాగితం మీద అచ్చు వేయించి గోడకు కట్టాలని అనుకున్నాము. పేర్లన్నీ దొరికినయి. ఏ లిపిలో రాయాలన్న దగ్గరే చిక్కు వచ్చింది. మా తాతలు తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చినప్పుడు తెలుగు అక్షరం వెంట తెచ్చుకున్నరు. బాపు, చిన్నాయన మరాఠీ బడికి పోయిన్రు. మేము కన్నడ బడిలో చదివినం. ఇప్పటి పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడుతరు కానీ, రాసి చూపిస్తే "ఇదేంది?" అంటరు. అందుకని ప్రతి పేరునూ మూడు లిపుల్లో పెడదామని తీర్మానించినం.

ఇదివరకు ఒకసారి దెబ్బ తిన్నాం. ఒక పెళ్ళిపత్రికలో మార్కండేయుని పేరులోని ‘ర్క’ విడిపోయి, కింద ఉండాల్సిన ఒత్తు పక్కన వచ్చి కూర్చుంది. కులదైవం పేరే విరిగిందని అవ్వ ఆ పత్రికను ఎవరికీ పంచనియ్యలేదు. డీటీపీ పనిలో చాలా ఏండ్లు యూనికోడ్ కాని ఫాంట్లే నడిచినయి. ఫోన్‌లో రాసి పంపిన తెలుగు అక్కడికి పోతే గుర్తుపట్టలేని గీతలయ్యేది. యూనికోడ్ ఉన్నా, ఒత్తులు కలపడం రాని సాఫ్ట్‌వేర్‌లో ఇట్లాగే విరుగుతుంది. అప్పుడు తప్పు ఫాంట్‌ది కాదు, దాన్ని పేర్చే పద్ధతిది. సాఫ్ట్‌వేర్ పరీక్షించడమే మా ఉద్యోగం గనుక ఈసారి ముందే అన్నీ చూసుకున్నం.

వెతుకుతుంటే ‘బాలూ’ కనిపించింది. ముంబైలోని ఏక్ టైప్ బృందం చేసిన ఫాంట్ల కుటుంబం ఇది. కిప్లింగ్ 1894 నాటి ‘జంగిల్ బుక్’లోని ఎలుగుబంటి పేరు కూడా బాలూనే. ఈ అక్షరాలూ అట్లాగే బొద్దుగా, మూలలు గుండ్రంగా, నవ్వుతున్నట్టు ఉంటయి. ఒక్కో లిపికి ఒక్కో వరస పెట్టిన్రు. తమిళానికి తంబి, మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ, బెంగాలీకి దా, కన్నడానికి తమ్మ, మన తెలుగుకు తమ్ముడు. ఫాంట్ల జాబితాలో ఇంటి మాట కనబడితే తెలుగు చదవరాని మా పిల్లలు కూడా పకపకా నవ్విన్రు. పైగా ఇది ఉచితం. దీనితో పత్రికలు, పుస్తకాలు, బోర్డులు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు.

తెలుగు అక్షరం పుట్టుకతోనే గుండ్రటిది. 1746-47 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చు వేసిననాటి నుంచీ, ఈ గుండ్రాన్ని సీసంలో పోతపోయడం, కింద ఒత్తును తగిలించడం అచ్చువాళ్ళకు పరీక్షే. కన్నడ, తెలుగు ఒకే పాత లిపి నుంచి విడిపోయినయి. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే రెండూ ఉన్నయి. తెలుగు 128 గదులు అయిపోగానే కన్నడ గదులు మొదలవుతయి. అందుకే కన్నడ చదివిన మాకు తెలుగు సగం దానంతటదే వచ్చింది, తలకట్టు దగ్గర మాత్రం తడబడినం. తమ్మను, తమ్ముడిని పక్కపక్కన పెడితే పోలిక, తేడా రెండూ తేటగా కనిపిస్తయి.

మాకు అన్నిటికన్నా నచ్చింది మూడు లిపుల సమానత్వం. ఇదివరకు మరాఠీ పేరు లావుగా, దాని పక్క తెలుగు పేరు సన్నగా, పొరుగింటి నుంచి వచ్చినట్టు ఉండేది. బాలూలో మందం, గుండ్రం ఒకే తీరు. మరాఠీకి తలమీద అడ్డగీత ఉంది, తెలుగుకు లేదు. అయినా ముగ్గురూ ఒక తల్లి పిల్లల్లాగే కనిపించిన్రు.

కానీ తమ్ముడు అన్ని పనులకూ రాడు. తాతల వలస కథను ఒక పేజీ అదే ఫాంట్‌లో పెట్టి చూసినం. నాలుగు వరుసలకే కండ్లు అలసినయి. మందం ఎక్కువైతే అక్షరం కడుపులోని ఖాళీ పూడిపోతుంది. చిన్న సైజులో ‘ద’కూ ‘ధ’కూ తేడా తెలియదు. ‘లక్ష్మి’లో ఒత్తు కింది వరుసను తాకుతుంది. బాలూ 2లో అయిదు మందాలున్నయి, సన్నది వాడితే కొంత నయం. అయినా కథకు నోటో సాన్స్ తెలుగు వంటి సాదా ఫాంటే మేలు. శీర్షికకు, పేర్లకు తమ్ముడు చాలు.

ఈ సంగతి బాపుకు చెప్తే ఆయనకు వింత అనిపించలేదు. చద్దర్ మీద జాకార్డ్‌తో పేరు నేసేటప్పుడూ ఇదే కష్టమట. ముందు గళ్ళ కాగితం మీద ఒక్కో గడి నింపుతరు. దారానికి వంపు తెలియదు, నిలువు, అడ్డం అంతే. గుండ్రటి అక్షరం మెట్లు మెట్లుగా వస్తుంది. అక్షరం పెద్దగా ఉంటేనే దూరం నుంచి గుండ్రంగా కనబడుతుంది. "చిన్నగ రాస్తే దారాలే గనబడ్తయి, పేరు గనబడదు" అన్నడు.

పున్నమి నాడు కాగితం గోడకు కట్టినం. మా అన్న కూతురు మరాఠీ పేరు మీద వేలు పెట్టి చదివి, వేలును పక్కకు జరిపి, "అయితే ఇది ‘ల’నా?" అని అడిగింది. అవునన్నం. ఆ పూట ఆరు అక్షరాలు నేర్చింది.

మీ ఇంట్లోనూ మూడు లిపులుంటే ఇట్లా ఒక కాగితం చేసి చూడండి. అచ్చుకు ఇచ్చే ముందు మాత్రం ఒత్తులున్న పేర్లన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.