తూర్పు కనుమల వృక్షజాతుల గుర్తింపులో తెలుగు పేర్లు: రాక్స్‌బర్గ్ నుండి ఎలియట్ వరకు

వ్యాససంగ్రహం: కోరమాండల్ తీరంలోను, దానిని ఆనుకొని ఉన్న కొండల్లోను పెరిగే మొక్కలను ఐరోపా వృక్షశాస్త్రం గుర్తించిన తీరును, ఆ పనిలో తెలుగు పేర్లు నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తూర్పు కనుమలు, రాక్స్‌బర్గ్, వాల్టర్ ఎలియట్, సామర్లకోట, స్థానిక నామాలు.

1. ఉపోద్ఘాతం

ఉన్నత పర్వతాల అడవిపూలను గుర్తించడంలో ఎత్తు ఒక ముఖ్యమైన ఆధారం. పశ్చిమ హిమాలయాల్లో సుమారు 3,600 మీటర్ల వద్ద చెట్లు ఆగిపోయి, ఆల్పైన్ పచ్చికబయళ్లు మొదలవుతాయి. 1848-50 మధ్య సిక్కిం ప్రాంతంలో పర్యటించిన జోసెఫ్ డాల్టన్ హుకర్ మొక్కలతో పాటు అవి పెరిగిన ఎత్తును కూడా నమోదు చేశాడు. తెలుగు నేలలో అటువంటి మండలం లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అర్మకొండ ఎత్తు 1,680 మీటర్లే. ఇక్కడి కొండల్లో, అడవుల్లో మొక్కలను గుర్తించడానికి వచ్చినవారికి ఎత్తు కన్నా ముందు ఎదురైన ఆధారం మరొకటి. అది అక్కడి ప్రజలు ఆ మొక్కను పిలిచే పేరు.

2. సామర్లకోటలో తొలి ప్రయత్నం

లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించాడు. ఆయన ప్రభావంతో పనిచేసిన స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ (1751-1815) ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటలో ఉంటూ తోట పెంచాడు, మొక్కలు సేకరించాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిపోయినా, ఆ సేకరణ 300 ఫలకాలతో మూడు సంపుటాల కోరమాండల్ తీర వృక్షాల గ్రంథంగా 1795-1820 మధ్య లండన్‌లో వెలువడింది. అందులో ఆయన లాటిన్ నామంతో పాటు తెలుగు పేరును కూడా ఇచ్చాడు.

ఈ పేర్లు కేవలం అదనపు సమాచారం కావు. సోమిద చెట్టు ఇందుకు నిదర్శనం. దాని బెరడును జ్వరానికి మందుగా వాడవచ్చునని రాక్స్‌బర్గ్ భావించాడు. 1794లో ఎడిన్‌బరోలో ఆండ్రూ డంకన్ తన వైద్య సిద్ధాంతవ్యాసానికి ఈ చెట్టునే విషయంగా తీసుకున్నాడు. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త అడ్రియన్ ద జుస్యూ దీనిని ప్రత్యేక ప్రజాతిగా వేరుచేసినప్పుడు, తెలుగు పేరునే ప్రజాతినామంగా స్వీకరించి సోయ్‌మిడా అన్నాడు. ఈనాడు ఆ చెట్టు శాస్త్రీయనామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. శేషాచలం మొదలైన కొండల్లో పెరిగే షోరియా తంబుగైయా అన్న పేరులో ఉత్తరపదం కూడా స్థానిక నామమే.

3. రెండు వర్గీకరణ పద్ధతులు

తెలుగు పేర్లలో విశేషణం, మూలపదం కలిసిన నిర్మాణం తరచుగా కనిపిస్తుంది. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, నల్లమద్ది, తెల్లమద్ది ఇటువంటివే. బాహ్యరూపంలో ఇది లిన్నేయస్ ద్వినామ పద్ధతిని పోలి ఉన్నా, రెండింటి ప్రాతిపదిక వేరు. లిన్నేయస్ వర్గీకరణకు పువ్వులోని కేసరాలు, అండకోశాలు ఆధారం. తెలుగు పేరుకు బెరడు రంగు, కలప, కాయ, ఉపయోగం ఆధారం. అయినా రెండు తుమ్మలూ ఒకే ప్రజాతికి, రెండు మద్దులూ టెర్మినేలియా ప్రజాతికే చెందుతాయి. అమెరికా నుండి వచ్చిన చెట్టుకు జీడిమామిడి అని పేరు పెట్టినవారు దానిని మామిడి సరసన చేర్చారు. వృక్షశాస్త్రం కూడా ఆ రెండింటినీ ఒకే కుటుంబంలో ఉంచింది.

అయితే ప్రతి పేరూ ఇంత నమ్మదగినది కాదు. కొండమామిడి అన్న పేరు స్పాండియాస్ పిన్నాటాకూ, కొమిఫోరా కాడాటాకూ వాడుకలో ఉంది. పేరును మాత్రమే నమ్మిన సేకర్త ఒక జాతి స్థానంలో మరొక జాతిని నమోదు చేసే ప్రమాదం ఉంది. కనుక పేరు అన్వేషణను ప్రారంభించగలదే గాని, పువ్వును పరిశీలించనిదే గుర్తింపు పూర్తి కాదు.

4. ఫ్లోరా ఆంధ్రికా

పేరుకు, జాతికి మధ్య ఉన్న ఈ సందిగ్ధతను పరిష్కరించే దిశగా వాల్టర్ ఎలియట్ ప్రయత్నించాడు. 1845లో అమరావతి స్తూపంలో తవ్వకాలు జరిపిన అధికారిగా ఆయన చరిత్రకారులకు సుపరిచితుడు. ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేసిన అనుభవంతో ఆయన రూపొందించిన ఫ్లోరా ఆంధ్రికా 1859లో మద్రాసులో అచ్చయింది. తెలుగు పేర్లను, వాటికి సరిపోయే శాస్త్రీయనామాలను ఇది జతపరుస్తుంది. రాక్స్‌బర్గ్ మొక్క నుండి పేరుకు వెళ్లగా, ఎలియట్ పేరు నుండి మొక్కకు వచ్చాడు. తెలుగు పదం ఇక్కడ అనుబంధ సమాచారంగా కాక ఆరోపంగా నిలిచింది.

5. ముగింపు

గుర్తించిన జాతి పక్కన రచయిత పేరు నిలుస్తుంది; షోరియా తంబుగైయా తరువాత రాక్స్‌బర్గ్ పేరు నేటికీ వ్రాస్తున్నారు. ఆ చెట్టును చూపి పేరు చెప్పినవారి పేర్లు గాని, కోరమాండల్ ఫలకాలకు మూలచిత్రాలు గీసినవారి పేర్లు గాని ఆ గ్రంథంలో లేవు. వారి జ్ఞానానికి మిగిలిన సాక్ష్యం వారు పలికిన పదాలే. ఫ్లోరా ఆంధ్రికాలోని పేర్లను నేటి మన్యం వాడుకతో, ప్రత్యక్షంగా సేకరించిన నమూనాలతో పోల్చి చూడడం భాషాశాస్త్ర, వృక్షశాస్త్ర విభాగాలు కలిసి చేయవలసిన పని. పేరు తెలిసిన తరం గడచిపోతే, మొక్క మిగిలి ఉన్నా ఆ సాక్ష్యాన్ని పరీక్షించే మార్గం మిగలదు.