బొమిడికం నుంచి హెల్మెట్ దాకా

మన పాత నిఘంటువులలో శిరస్త్రాణానికి ‘బొమిడికము’ అనే ముచ్చటైన పేరొకటి ఉంది. అమరసింహుడు క్షత్రియవర్గంలో శీర్షకము, శీర్షణ్యము, శిరస్త్రము అని మూడు పేర్లు చెప్పి, వెంటనే తనుత్రము, వర్మ, దంశనము అంటూ కవచానికి పేర్లు వరుసపెట్టాడు. తలను కాచేదాన్నీ ఒంటిని కాచేదాన్నీ ఆయన పక్కపక్కనే ఉంచాడు. ఆ రెండూ ఒకదానికొకటి తోడుగా ఉండవలసినవే అన్న సంగతి, కారుపందేల చరిత్ర చదివాక నాకు మరింత బాగా బోధపడింది.

తెలుగు పండితుడికి కారుపందేలతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలి కొడుకు తన సొంత కారును అక్కడి ట్రాక్ మీద సరదాకు నడుపుతానని పట్టుబట్టాడు. “మావయ్యా, వాడికి మీరైనా చెప్పండి” అని తల్లి ఫోను. “బైకు హెల్మెట్ ఉందిగా తాతయ్యా, అది చాలదాండీ?” అని వాడు. వద్దన్నంత మాత్రాన మానే వయసు కాదు వాడిది. అందుచేత ఏ వస్తువు ఎందుకు పుట్టిందో తెలుసుకొని చెబుదామని చదవడం మొదలుపెట్టాను.

మన భీమవరం ప్రాంతంలో పందెమంటే సంక్రాంతి కోడిపందెమే. కారుపందేలకు మనకు దగ్గరి చోటు మద్రాసు. నెల్లూరు మీదుగా ఆ నగరానికి వెళ్లే దారిలో షోళవరం వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల బాట మీద అక్కడ దశాబ్దాలపాటు పందేలు జరిగాయి. 1990లో ఆ వేదిక రామానుజులవారు అవతరించిన శ్రీపెరుంబుదూరుకు సమీపాన, ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాక్‌కు మారింది. అది సుమారు 3.7 కిలోమీటర్ల చుట్టు. మన హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. మరుసటి ఏడు జరగవలసిన పోటీ రద్దయింది.

ఇక శిరస్త్రాణం కథ. ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యుడు తలలు పగిలిన మోటారు సైకిలు నడపరులకు వైద్యం చేసి చేసి విసిగి, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీలు చేయించాడు. 1914లో ఐల్ ఆఫ్ మాన్ పందేలలో అవి తప్పనిసరి అయ్యాయి. 1935 మే 13న ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపొందిన టి. ఇ. లారెన్స్, సైకిళ్ల మీద ఎదురైన ఇద్దరు పిల్లలను తప్పించబోయి మోటారు సైకిలు మీదనుంచి పడ్డాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులకు కన్నుమూశాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఆ మరణం ఆయనను కలచివేసింది. హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని గాయపడినవారి వివరాలతో నిరూపిస్తూ 1941లో వ్యాసం ప్రకటించాడు.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. పాతకాలపు బొమిడికం శత్రువు కత్తిని ఆపడానికి పుట్టింది. నేటి హెల్మెట్ ఆపవలసినది మన తల వేగాన్నే. కారు ఆగినా, కపాలం ఆగినా, లోపలి మెదడు ఆగదు. అందుకు గట్టి చిప్ప ఒక్కటే చాలదు. దాని లోపల నలిగి, ఆ నలగడంలో దెబ్బను మింగే మెత్తని పొర కావాలి. అమెరికాలో రాత్, లొంబార్డ్ అనే ఇద్దరు 1953లో దీనికి పేటెంటు పొందారు. ఒకసారి నలిగిన పొర మళ్లీ ఉబ్బదు. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి కొత్తదిలా మెరుస్తున్నా లోపల దాని పని అయిపోయినట్టే. ఇతరులు వాడి అమ్మేదాన్ని కొనవద్దనేది ఇందుకే.

1956లో పీట్ స్నెల్ అనే పందెగాడు హెల్మెట్ ఉండి కూడా తల దెబ్బకు మరణించాడు. మరుసటి ఏడు మిత్రులు ఆయన పేర నెలకొల్పిన సంస్థ నేటికీ హెల్మెట్లను పరీక్షిస్తున్నది. ఆ సంస్థ ముద్రలలో ‘ఎం’ మోటారు సైకిలుకు, ‘ఎస్‌ఏ’ కార్ల పందేలకు. మావాడి ప్రశ్నకు జవాబు ఈ రెండక్షరాలలోనే ఉంది. కారులో తల మాటిమాటికీ ఇనుప చట్రానికి తగలవచ్చు, మంట లేవవచ్చు. ఎస్‌ఏ పరీక్షలో ఈ రెండూ ఉన్నాయి. బైకు హెల్మెట్‌కు మంట పరీక్ష లేదు. మన ఐఎస్‌ఐ ముద్ర కూడా ద్విచక్ర వాహనాల కోసమే. రోడ్డుమీద అది ఉండి తీరవలసిందే, కాని ట్రాక్ మీద అది చేయవలసిన పని వేరు.

అమరినట్లు ఉండడం ముద్ర కంటె తక్కువ సంగతి కాదు. 1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో నికీ లాడా కారు అంటుకొన్నప్పుడు ఆయన హెల్మెట్ తలనుంచి జారిపోయింది, ముఖం కాలింది. కొనేటప్పుడు కనుబొమలకు పైన టేపుతో కొలిచి చూడాలి. పెట్టుకొని ఊపితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. పట్టీ బిగించాక వెనకనుంచి ఎత్తితే ఊడి రాకూడదు. పావుగంట ఉంచుకొన్నా ఒక్కచోటే నొప్పి పుట్టకూడదు.

మంట విషయంలో మన వాతావరణానికి తగిన మాట ఒకటి. నైలాను, పాలియెస్టరు కరిగి చర్మానికి అతుక్కుంటాయి. అగ్నికి లొంగని నోమెక్స్ దుస్తులు కొనే స్తోమత లేనివారు కనీసం నిండుచేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, పలుచని అడుగున్న మూసిన బూట్లు వేసుకోవాలి. ఉక్కపోతకు జడిసి పొట్టిచేతులు తొడగరాదు.

ఇక మెడ. బెల్టు ఒంటిని ఆపినా తల ముందుకు విసిరివేయబడితే కపాలం అడుగు చిట్లుతుంది. 1980 దశకం ఆరంభంలో రాబర్ట్ హబ్బర్డ్, జిమ్ డౌనింగ్ అనే బావ బావమరదులు భుజాలమీద కూర్చుని తలను పట్టి ఉంచే ‘హాన్స్’ సాధనాన్ని రూపొందించారు. చాలామంది పెడచెవిన పెట్టారు. 2001 ఫిబ్రవరిలో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ మరణించాక గాని కళ్లు తెరవలేదు. 2003లో ఫార్ములా వన్‌లో అది తప్పనిసరి అయింది.

మావాడు ఈ సంగతి విని, హాన్స్ కొని తన కారు మామూలు బెల్టుతో వాడతానన్నాడు. అది కుదరదు. భుజపట్టీలు రెండు దానిమీదుగా పోవాలి. ఆ పట్టీలకు తగిన సీటు కావాలి. మనిషిని నిటారుగా బిగించి కట్టాక కారు పల్టీ కొడితే పక్కకు ఒరిగే వీలుండదు గనుక, పైకప్పు కింద ఇనుప చట్రమూ కావాలి. ఇవన్నీ అమర్చలేనివారు కంపెనీ ఇచ్చిన బెల్టు, ఎయిర్‌బ్యాగులనే నమ్ముకొని, మంచి ఎస్‌ఏ హెల్మెట్ పెట్టుకొని, వేగం తగ్గించి నడపడం మేలు. అమరుడు శీర్షకం పక్కనే తనుత్రాన్ని ఉంచిన ఔచిత్యం ఇదే. సగం కవచం కొన్నిసార్లు లేని కవచం కంటె ప్రమాదం.

చక్రాలకూ టైర్లకూ వేలకు వేలు పోసి, తలకు మాత్రం మిగిలిన చిల్లర కేటాయించే అలవాటు మన కుర్రవాళ్లది. ఉండి రోడ్డు మీద సాయంత్రం నిలబడితే హ్యాండిల్‌కు వేలాడుతున్న హెల్మెట్లు ఎన్నైనా కనబడతాయి. ‘త్రాణము’ అంటే రక్షణ. వస్తువు ఎంత గొప్పదైనా, శిరస్సు మీదికి ఎక్కినప్పుడే అది శిరస్త్రాణం.