కాలువ గట్టున వేసవి విహారం

వేసవి సాయంకాలం, ఎండ తగ్గుముఖం పట్టిన తరువాత నాలుగడుగులు నడిచి రావాలనుకునే డెల్టా వాసికి ఒక చిక్కు ఉన్నది. మన్యం వారికి కొండలున్నవి. తీరవాసులకు ఇసుకతిన్నెలున్నవి. పట్టణాలలో మునిసిపాలిటీవారి పార్కు ఒకటో రెండో ఉండనే ఉంటవి. ధవళేశ్వరానికి దిగువన మాత్రం నేలంతా వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు. జానెడు చోటైనా ఎవరి పట్టాలోనో ఉంటుంది. ఇటువంటి సీమలో పదిమందీ కలిసి తిరగడానికి మిగిలిన బహిరంగ స్థలం కాలువ గట్టు. తరతరాలుగా గోదావరి జిల్లాల వారికి అదే ఉద్యానవనం, అదే వ్యాయామశాల. దానిని వేసినవారి మనస్సులో విహారమన్న ఊహ లేశమైనా లేదు. అప్పటి ఆలోచన అంతా ఆకలిని గురించే.

1833 నాటి కరవు, 1839లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెన, ఈ రెండింటి దెబ్బతో రాజమహేంద్రవరం జిల్లా కొనప్రాణంతో మిగిలినది. 1821లో 7,38,308గా ఉన్న జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి పడిపోయినట్లు ఆనాటి దొరతనంవారి లెక్కలు. గోదావరి కళ్లయెదుటనే సముద్రంలో కలిసిపోతూ ఉండగా చేలు బీటలు వారేవి. అటువంటి రోజులలో జిల్లాకు వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఆనకట్ట తప్ప వేరు దారి లేదని పైవారికి వ్రాసినాడు. 1847లో మొదలైన పని 1852లో ముగిసినది. కాటన్ దొర అరటిపండ్లతో కడుపు నింపుకొని గుర్రం మీద డెల్టా అంతా తిరిగినాడని మా ప్రాంతంలో కథగా చెబుతారు. పండ్ల సంగతి ఎట్లున్నా, తిరగనిదే ఆ పని సాగదు. ఇంత చదునైన నేలలో ఏ మిట్ట ఎటు వాలి ఉన్నదో గదిలో కూర్చున్నవానికి తెలియదు. డెల్టాలో నదీపాయలను ఆనుకొని ఉన్న నేల ఎత్తుగాను, దూరంగా ఉన్నది పల్లంగాను ఉంటుంది. అందుచేత పెద్ద కాలువలను మిట్టల మీదుగా తీసినారు. గట్టు మీద నిలబడినవానికి చేలు కాళ్ళ క్రింద పరచినట్లు కనిపించడానికి, పైరగాలి తిన్నగా వచ్చి తగలడానికి కారణమిదే.

రాజమహేంద్రవరం నుండి ధవళేశ్వరానికి ఏటి వెంట ఆరేడు కిలోమీటర్ల నడక. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదరకముందే జనార్దనస్వామి కొండ ఎక్కి దిగవచ్చును. కొండ అనడమే గాని, చిన్న తిప్ప. అయినా దీనికొక చరిత్ర ఉన్నది. ఆనకట్టకు రాయి ఇక్కడినుండే పోయినది. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదట నడిచినది 1853లో, బొంబాయి నుండి ఠాణాకు. అంతకు ముందే ఈ కొండ రాతిని ఏటి ఒడ్డుకు చేర్చడానికి ఇక్కడ ఇనుప పట్టాలు వేసినారు. అక్కడినుండి పడవలమీద రాయి నది నడుమకు పోయేది. వేలకొలది కూలీల చేత ఆ పని చేయించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు మన తెలుగువాడే, వీణెం వీరన్న. ఆ కూలీలలో ఒక్కరి పేరైనా మనకు దక్కలేదు.

కొండమీద నుండి చూస్తే నది లంకల నడుమ చీలి నాలుగు భాగాలుగా కనిపిస్తుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని వాటి పేర్లు. పాత ఆనకట్ట స్థానంలో 1970 మొదలు 1982 వరకు కట్టిన బరాజ్ కాటన్ పేరనే ఉన్నది. దాని తలుపులు 175. నది దాటదలచినవారికి దానిమీద దారి కూడా ఏర్పడినది.

ఇక గట్టు మాట. మన కాలువలు నీరు పారించడానికే గాక పడవలు నడవడానికి కూడా త్రవ్వినవి. కాకినాడలో ఎక్కిన సరుకు గోదావరి, కృష్ణా కాలువల మీదుగా, బకింగ్‌హాం కాలువ పట్టుకొని మద్రాసు దాకా పోయేది. గాలి వాలు లేనప్పుడు పడవవారు తాడు కట్టి, గట్టు మీద వంగి నడుస్తూ లాగేవారు. సాయంకాలం మనం చల్లగాలికి నడిచే బాట వారి పాదాల క్రింద గట్టిపడినది. ఇంగ్లాండులోనూ ఇంతే. ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగిన కాలువ దారులు నేడు పాదచారుల దారులైనవి. మన పడవలు పోయినవి. లాకులు మాత్రం ఊరి గుర్తులుగా నిలిచినవి. నేటికీ దారి అడిగితే "లాకుల దగ్గర దిగండి" అంటారు.

వేసవిలో మరొక విశేషమున్నది. రెండవ పంట చేతికి వచ్చిన తరువాత, మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తారు. జూన్‌లో మళ్ళీ నీరు వదిలేదాకా, ఏడాదంతా ఈతకు పనికివచ్చిన కాలువ ఆటస్థలంగా మారుతుంది. మా చిన్నతనంలో అడుగున ఎండిన ఒండ్రు మీద చెడుగుడు, గట్టున బిళ్లంగోడు. లాకుల క్రింది మడుగులలో చేపలు పట్టేవాళ్లం. తాటిముంజెలవాడు వచ్చేదాకా ఇంటికి పోయేవాళ్లం కాము. పెద్దలకు ఇది నచ్చేది కాదు. త్రాగునీటి కరవు వారిది, ఆట మాది.

నడిచే ఓపిక ఉన్నవారు కోనసీమలో గన్నవరం దాకా పోవాలి. అక్కడ వైనతేయ పాయ మీదుగా కాలువను 49 ఖానాల కట్టడం మీద దాటించినారు. పైన కాలువ, క్రింద ఏరు. ఆనకట్ట పూర్తయిన రోజులలోనే, హేగ్ అనే యువ ఇంజనీరు ఆధ్వర్యంలో ఇది లేచినది. దీని ప్రక్కనే తరువాత కట్టిన కొత్త అక్విడెక్టుకు, ఆ ఊరి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. అన్నం పెట్టే నీటికి ఆమె పేరు తగినదే.

ఇటువంటి దారులు మనకింకా ఎన్నాళ్లుంటవి? రాజమహేంద్రవరంలో 1900లో తెరచిన 56 ఖానాల హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయినవి. దానిని నడకకు, విహారానికి ఇవ్వాలని ఊరివారు చాలాకాలంగా కోరుతూ ఉన్నారు. వంతెన కంటికి కనిపిస్తుంది గనుక దానిని గురించి అడిగేవారున్నారు. గట్టును గురించి అడిగేవారు తక్కువ. మా ఊరి లాకుల నుండి ప్రక్క ఊరి వంతెన దాకా ఒకప్పుడు ఎక్కడా ఆగకుండా నడిచేవాడిని. నిరుటి వేసవిలో అదే దారిన వెళ్ళి మూడుచోట్ల గట్టు దిగి రోడ్డు ఎక్కవలసి వచ్చినది. ఒకచోట పశువుల పాక, ఒకచోట చెత్తదిబ్బ, వంతెన దగ్గర సిమెంటు గోడతో ఒక దుకాణం. పాకవాడిని అడిగితే, "ఇది ఎవరిదీ కాదు గదండీ" అన్నాడు.

ఆ మాటకు నేను జవాబు చెప్పేలోగా అతని మనుమడు ఎండిన కాలువలోకి దూకి, అవతలి గట్టు ఎక్కి, పాక అడ్డులేని ప్రక్కనుండి పరుగెత్తిపోయినాడు. నేనూ మెల్లగా ఆ దారినే దిగినాను.