పెరటి కోళ్ల పెంపకం

పెరటి కోళ్ల పెంపకం అనగా ఇంటి ఆవరణలో కొద్ది సంఖ్యలో కోళ్లను ఆరుబయట తిరగనిచ్చి, ఇంటివారి శ్రమతోనే పెంచే పద్ధతి. ఒక్కో ఇంట సాధారణంగా ఐదు నుండి ఇరవై వరకు కోళ్లు ఉంటాయి. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం భారతదేశంలో కోళ్లు, బాతులు మొదలైన పెంపుడు పక్షుల సంఖ్య 85.18 కోట్లు. వాటిలో సుమారు 31.7 కోట్లు పెరటి పక్షులే. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ గ్రామాలలో వీటి ఆలనాపాలనా ఎక్కువగా స్త్రీలు చూస్తారు. గుడ్లు, పుంజులు అమ్మగా వచ్చే సొమ్ము ఇంటి చిల్లర ఖర్చులకు, అత్యవసరాలకు ఉపయోగపడుతుంది. ఈ పెంపకానికి పెట్టుబడి స్వల్పం. అనుమతుల అవసరం కూడా తక్కువ. అయితే ఒక్క అంటువ్యాధితో కోళ్లన్నీ నశించే ప్రమాదం ఉన్నందున టీకాల గురించి, వ్యాధి నియంత్రణ చట్టాల గురించి పెంపకందారులకు అవగాహన అవసరం.

జాతులు

* నాటు కోళ్లు: ఏడాదికి మూడు నాలుగు విడతలుగా సుమారు 50 నుండి 60 గుడ్లు పెడతాయి. పెట్ట తానే 21 రోజులు పొదిగి పిల్లలను సాకుతుంది. శత్రువులనుండి తప్పించుకునే నేర్పు వీటికి ఎక్కువ.
* అసీల్: ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు చెందిన బలిష్ఠమైన జాతి. వీటి పుంజులను ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి, కౌజు మొదలైన పేర్లతో పిలుస్తారు. గుడ్లు తక్కువ, మాంసానికి, పుంజులకు ధర ఎక్కువ.
* వనరాజా, గ్రామప్రియ: హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన రకాలు. 1988లో ప్రాజెక్ట్ డైరెక్టరేట్‌గా ఏర్పడిన ఈ సంస్థ 2013లో కోళ్ల పరిశోధనా డైరెక్టరేట్‌గా మారింది. వనరాజా మాంసానికి, గుడ్లకు కూడా అనువైనది. గ్రామప్రియను ప్రధానంగా గుడ్ల కోసం పెంచుతారు. పెరటిలో ఏడాదికి 160 నుండి 180 వరకు గుడ్లు పెడుతుంది.

అభివృద్ధి చేసిన రకాలు సాధారణంగా గుడ్లను పొదగవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పొదగవేసినా తరువాతి తరానికి ఆ గుణాలు పూర్తిగా రావు. కనుక పిల్లలను మళ్లీ కొనవలసి వస్తుంది.

వసతి, మేత

పగలు స్వేచ్ఛగా తిరిగే కోళ్లను రాత్రి గంప కిందనో గూటిలోనో ఉంచుతారు. గూటిని నేలకు కొంత ఎత్తున, గాలి ఆడేటట్లు, ముంగిస, బావురుపిల్లి, కుక్క చొరబడకుండా కట్టాలి. ఒక్కో కోడికి ఒకటి నుండి రెండు చదరపు అడుగుల చోటు సరిపోతుంది. నేలపై వరి ఊక పరచి, తడిసినప్పుడు మార్చాలి.

పెరటి కోడి తన మేతలో అధిక భాగాన్ని తానే వెతుక్కుంటుంది. పురుగులు, చెదలు, రాలిన గింజలు, లేత ఆకులు దీని ఆహారం. ఉదయం, సాయంత్రం గుప్పెడు నూకలు, తవుడు లేదా జొన్నలు వేస్తే చాలు. గుడ్లు పెట్టే పెట్టలకు ఆల్చిప్పల పొడి ఇస్తే పెంకు గట్టిపడుతుంది. కొనుగోలు చేసిన రోజుల పిల్లలను మాత్రం వెంటనే బయట వదలరాదు. మొదటి వారంలో వాటికి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. దీపాల వెచ్చదనంలో, దాణాతో ఐదారు వారాలు సాకిన తరువాతనే పెరటిలోకి వదలాలి.

వ్యాధులు, టీకాలు

పెరటి కోళ్లకు అన్నిటికంటే పెద్ద ముప్పు కొక్కెర తెగులు. దీనినే రాణీఖెత్ వ్యాధి అని కూడా అంటారు. ఆకుపచ్చ పారుడు, ఆయాసం, మెడ వంకర తిరగడం, రెక్కలు వాలిపోవడం దీని లక్షణాలు. వైరస్ వలన కలిగే ఈ వ్యాధికి చికిత్స లేదు; టీకా ఒక్కటే రక్షణ. సాధారణంగా పాటించే టీకాల క్రమం ఇది:

* మొదటి రోజు: మారెక్స్ టీకా (పిల్లలు పొదిగే కేంద్రంలోనే వేస్తారు)
* 5 నుండి 7 రోజులు: కొక్కెర తెగులుకు లసోటా టీకా, కంటిలో లేదా ముక్కులో ఒక చుక్క
* 14వ రోజు: గంబోరో టీకా
* 6 నుండి 8 వారాలు దాటాక: కొక్కెర తెగులుకు ఆర్‌2బి టీకా, కొంత వ్యవధితో మశూచి టీకా

చిన్న పెంపకందారులకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది. టీకా సీసాలో సాధారణంగా వంద లేదా అంతకు మించిన మోతాదులు ఉంటాయి. శీతలంగా నిలువచేసిన ఆ మందును కలిపిన తరువాత కొద్ది గంటలలోనే వాడివేయాలి. పది కోళ్ల కోసం ఒక సీసా తెరవడం కష్టం కాబట్టి వాడకట్టులోని ఇళ్లవారందరూ ఒకే రోజు టీకా వేయించుకోవడం మేలు. కోళ్లు గూటిలో ఉండే తెల్లవారుజాము లేదా రాత్రి వేళ ఇందుకు అనువైనది.

ఊరిలో తెగులు కనిపించగానే మిగిలిన కోళ్లను సంతలో అమ్మివేయడం వ్యాధి పొరుగూళ్లకు పాకడానికి ముఖ్య కారణం. సంతలో కొన్న కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. చనిపోయిన కోళ్లను కాలువలో పారవేయక, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి.

చట్టాలు, నియమాలు

* పర్యావరణ నియమాలు: 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన మార్గదర్శకాలు 5,000 కంటే ఎక్కువ పక్షులున్న కోళ్ల ఫారాలకు సంబంధించినవి. పెరటి కోళ్లు వీటి పరిధిలోకి రావు.
* పట్టణ ప్రాంతాలు: దుర్వాసన, ఈగలు, వ్యర్థాలపై ఫిర్యాదు వస్తే పురపాలక అధికారులు చర్య తీసుకోవచ్చు. ప్రజలకు ఇబ్బంది కలిగించేవాటిని తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 లోని 152వ సెక్షను ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది.
* కోడి పందేలు: పుంజులను పెంచడం నేరం కాదు. పందేలు నిర్వహించడం మాత్రం జంతుహింస నివారణ చట్టం, 1960 ప్రకారం శిక్షార్హం. వీటిని అరికట్టాలని 2016లో హైదరాబాదు హైకోర్టు ఆదేశించింది.
* వ్యాధి సమాచారం: 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ వంటి వ్యాధులను అనుమానించిన యజమాని గ్రామాధికారికి లేదా పంచాయతీకి తెలియజేయాలి.

బర్డ్ ఫ్లూ, నష్టపరిహారం

భారతదేశంలో పెంపుడు కోళ్లలో బర్డ్ ఫ్లూ మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద బయటపడింది. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలలో హెచ్5ఎన్1 రకం వ్యాధి నిర్ధారణ అయింది. నమూనాలను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలలో పరీక్షిస్తారు. వ్యాధి నిర్ధారణ అయితే ఆ చోటినుండి ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నిటినీ, ఆరోగ్యంగా ఉన్నవాటితో సహా, చంపివేస్తారు. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుతారు.

ఈ విధంగా ప్రభుత్వం చంపించిన పక్షులకు, నాశనం చేయించిన గుడ్లకు, దాణాకు నష్టపరిహారం లభిస్తుంది. అంతకుముందే వ్యాధితో చనిపోయిన పక్షులకు లభించదు. అందువలన ఆలస్యం చేయకుండా సమాచారం ఇవ్వడం చట్టపరమైన బాధ్యత మాత్రమే కాదు, యజమానికి లాభం కూడా.

సహాయ సంస్థలు

టీకాలకు, చికిత్సకు మొదట సంప్రదించవలసినది మండలంలోని పశువైద్యశాల. సంచార పశువైద్య సేవలకు 1962 టోల్‌ఫ్రీ సంఖ్య ఉంది. కృషి విజ్ఞాన కేంద్రాలు పెంపకంలో శిక్షణ ఇస్తాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో గ్రామస్థాయిన రైతు సేవా కేంద్రాలు (2024కు ముందు రైతు భరోసా కేంద్రాలు) సమాచారం అందిస్తాయి. జాతీయ పశుసంపద మిషన్ 2021లో పునర్వ్యవస్థీకరణ తరువాత కనీసం 1,000 మాతృపక్షులతో ఫారం, పిల్లల ఉత్పత్తి కేంద్రం నెలకొల్పేవారికి 50 శాతం సబ్సిడీ ఇస్తున్నది. పది కోళ్లు పెంచుకునే ఇంటికి దీనినుండి నేరుగా సొమ్ము రాదు. అటువంటి కేంద్రాలనుండి సాకిన పిల్లలు దగ్గరలోనే దొరకడమే దానికి కలిగే ప్రయోజనం.

ఇవి కూడా చూడండి

* అసీల్
* కోడి పందెం
* బర్డ్ ఫ్లూ