పుట్టి, వల, తుమ్మచెక్క

పెద్దారవీడు, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు మెట్టనేలలు. పలకరాతికి పేరుపడిన ఈ సీమనుండి పడవలను గూర్చియు, వలల రక్షణను గూర్చియు వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ కట్టిన కంభము చెరువు ఇచ్చటిదే. విజయనగర ప్రభువుల కాలమున, 16వ శతాబ్దిలో, వరదరాజమ్మ దీనిని కట్టించెనని ప్రసిద్ధి. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడములలో ఒకటిగా గుర్తించినది. నల్లమల దాటినచో కృష్ణపై శ్రీశైల జలాశయము కనబడును. ఇక పెద్దారవీడు మండలములోనే, సుంకేసుల కనుమ వద్ద, వెలిగొండ పథకమునకు చెందిన ఆనకట్ట ఒకటి లేచినది. కాబట్టి నీటిమాట ఈ సీమకు పరాయిమాట కాదు. నీరు నిలిచిన చోటికి చేప వచ్చును. చేపవెంట వలయు, వలవెంట పడవయు వచ్చును.

పడవను చేయుట, వలను అల్లుట నేర్పుగల పనులే. కాని అంతకంటె పెద్ద నేర్పు వానిని కుళ్ళకుండ కాపాడుకొనుటలో ఉన్నది. తోలు, వెదురు, నూలు — పూర్వము జాలరి చేతిలోని పరికరములన్నియు ప్రాణుల దేహములనుండి వచ్చినవే. ప్రాణినుండి వచ్చినదానిని మరల మట్టిలో కలుపుటకు ప్రకృతిలో సూక్ష్మజీవులు సిద్ధముగా ఉండును. వానితో మనవారు జరిపిన పోరాటమునకు చెప్పుకోదగిన చరిత్ర కలదు.

ముందుగా పడవ సంగతి. కృష్ణా, తుంగభద్రలపై ఎంతోకాలముగా వాడుకలో ఉన్నది పుట్టి. దీనినే అరిగోలు అనియు అందురు. వెదురుబద్దలతో పెద్ద గంపవలె అల్లి, వెలుపల తోలు కప్పెడివారు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయిస్ ఈ గుండ్రని పడవలను చూచి వ్రాసిపెట్టెను. ఒక్కొక్కదానిలో పదిహేను ఇరువదిమంది పట్టుదురనియు, అవి తిన్నగా పోలేక గిరగిర తిరుగుచుండుననియు అతడు గమనించెను.

ఈ ఇరువదిమంది మాట అతిశయోక్తి యేమో యని అనుమానించువారు లెక్కవేసి చూడవచ్చును. రెండున్నర మీటర్ల వ్యాసముగల పుట్టి అడుగు చదునుగా ఉన్నదనుకొందము. దాని వైశాల్యము సుమారు 4.9 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు దిగినచో 49 లీటర్ల నీటిని ప్రక్కకు నెట్టును. అనగా 49 కిలోల బరువును మోయును. మనిషికి 60 కిలోల చొప్పున ఇరువదిమంది బరువు 1200 కిలోలు. అంత బరువుతోనైనను పుట్టి దిగునది 25 సెంటీమీటర్ల లోపే. ఆర్కిమిడీసు సూత్రమును బోధించు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. గిరగిర తిరుగుటకు కారణము కూడ తేలికయే. పొడవాటి పడవకు నీటిని చీల్చు ముక్కు, దారి తప్పనీయని వెన్నుగాడి ఉండును. పుట్టికి ఆ రెండును లేవు. అందుచేత తెడ్డువేయువాడు ప్రక్కన తోయక, ముందువైపునుండి నీటిని తనవైపు లాగుకొనుచు పోవును.

చట్రముపై తోలు కప్పి పడవ చేయుట మన దేశమునకే పరిమితమైన ఊహ కాదు. యూఫ్రటీసు నదిపై బాబిలోను నగరమునకు దిగివచ్చు గుండ్రని తోలుపడవలను క్రీస్తు పూర్వము 5వ శతాబ్దిలోనే హెరొడోటసు వర్ణించెను. ప్రవాహమునకు ఎదురు పోలేరు గనుక, వర్తకులు సరుకుతోపాటు చట్రమును కూడ అక్కడనే అమ్మివేసి, తోళ్ళను మాత్రము పడవలో తెచ్చుకొన్న గాడిదపై వేసికొని ఇంటికి పోయెడివారట! వెదురో, కొమ్మలో ఎక్కడనైనను దొరకును; తోలు విలువైనది. మద్రాసు రాష్ట్ర మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్సు హార్నెల్ 1946లో ప్రకటించిన జలప్రయాణ చరిత్రలో ఇట్టి తోలుపడవలను గూర్చి విస్తారముగా చర్చించెను.

ఈ కుటుంబములోనే ఉత్తర ధ్రువమునకు చేరువగా పుట్టిన బంధువు కయాకు. గ్రీన్లాండు మొదలైన చలిదేశములలోని ఇన్యూట్ ప్రజలు నీటిలో కొట్టుకొనివచ్చిన కొయ్యతోను, ఎముకలతోను సన్నని పొడవైన చట్రము కట్టి, సీలు చర్మములను నరములతో కుట్టి కప్పెడివారు. ఒక్కడు కూర్చుండి, రెండుకొనల తెడ్డుతో నడపుచు వేటాడును. పుట్టి గుండ్రము, కయాకు బాణమువలె సన్నము. ఒకటి మందిని మోయును, ఒకటి శబ్దము లేక పరుగెత్తును. రూపమున ఇంత భేదమున్నను రెంటికిని ఉన్న శత్రువు ఒక్కటే — నానిన తోలు. ఎక్కువ కాలము నీటిలో నానిన పచ్చితోలు మెత్తబడి, సాగి, కుట్ల వద్ద చినిగి, తుదకు కుళ్ళును. అందుచేత ఇన్యూట్ వేటగాడు కయాకును ఒడ్డునకు తీసి ఆరబెట్టి, సీలు కొవ్వు పూయును. మన పుట్టివాడును పని ముగియగానే పుట్టిని గట్టుపై బోర్లించి ఎండనిచ్చును. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరును ఒకే పాఠమును నీటివద్ద నేర్చుకొన్నారు.

వెదురుకు వేరొక జబ్బు. దానిలోని పిండిపదార్థమునకు ఆశపడి పురుగు తొలిచి పొడి చేయును. వెదురును కొన్ని వారములు చెరువులో నానవేయుట మన పల్లెలలో పాతవాడుక. పిండియు, చక్కెరలును నీటిలోనికి దిగిపోవును. తినుటకు ఏమియు లేనిచో పురుగు రాదు.

ఇక తోలు కుళ్ళకుండుటకు తిరుగులేని ఉపాయమును మన తోలుపనివారు ఏనాడో కనుగొన్నారు. తంగేడు చెక్క, తుమ్మచెక్క, కరక్కాయ — వీని కషాయములో నానవేసినచో పచ్చితోలు చెడని తోలుగా మారును. ఈ చెట్లలోని వగరు పదార్థమునకు టానిన్ అని పేరు. తోలులోని కొల్లాజను ఒక మాంసకృత్తు. దాని గొలుసులలో మాటిమాటికి వచ్చు అమైడు బంధములకు టానిన్ అణువులు అంటుకొని, ఒక గొలుసును మరియొకదానితో ముడివేయును. అట్లు బిగిసిన తోలును సూక్ష్మజీవుల ఎంజైములు కొరుకలేవు. పచ్చికాయ కొరికినపుడు నోరు పిడచకట్టుట కూడ ఇదే చర్య: అచ్చట టానిన్ పట్టుకొనునది మన లాలాజలములోని మాంసకృత్తులను.

ఇప్పుడు వల దగ్గరకు రావలెను. చెరువులలో, ఏరులలో వాడు వలలు పూర్వము నూలుతోను, జనుపనారతోను అల్లినవి. నూలు స్వచ్ఛమైన సెల్యులోజు. చెరువునీటిలో, అడుగు బురదలో సెల్యులోజును జీర్ణించుకొను బాక్టీరియాలు, శిలీంధ్రములు కోట్లకొలది ఉండును. పైగా చేపల జిగట, పొలుసులు, నాచు వలకు అంటుకొని వానికి విందు సమకూర్చును. మనవంటి వెచ్చని దేశములో ఈ పని మరింత వేగముగా సాగును. ఏ రక్షణయు లేని నూలువల ఎడతెగక నీటిలో ఉన్నచో, కొద్ది వారములకే చేయి తగిలిన చోటెల్ల తెగిపోవును. కష్టపడి రాత్రులు కూర్చుండి అల్లిన వల అట్లు పోవుట ఆ కుటుంబమునకు పంట పోవుటతో సమానము.

దీనికి జాలరులు వాడిన మందు కూడ ఆ తుమ్మచెక్కయే! చెక్కను నలుగగొట్టి, పెద్ద కుండలలో గంటలకొలది కాచి, ఎర్రని కషాయములో వలను ముంచి నానవేసి, పిదప ఆరవేసెడివారు. బెంగాలు జాలరులు ఇందుకు తుమికి జాతికి చెందిన గాబ్ కాయల రసమును వాడిరి. అదే రసమును పడవల అడుగుకు కూడ పూసిరి. ఐరోపా దేశముల రేవులలో మన కాచునే దిగుమతి చేసికొని వలలకు పట్టించిరి. కాచుటకు ఇనుప పాత్ర పనికిరాదు. టానిన్ ఇనుముతో కలిసినచో నల్లని పదార్థము ఏర్పడును. కరక్కాయ, అన్నభేది కలిపి మన పెద్దలు చేసికొన్న సిరా ఇదే గదా! వలకు సిరా పట్టించుట వలన లాభము లేదు సరికదా, ఇనుప లవణములు నూలును బలహీనపరచును కూడ.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఒకసారి పదునుచేసిన తోలు సంవత్సరములు నిలుచును. వలకు మాత్రము రంగు వెలసినప్పుడెల్ల, అనగా నెల తిరుగకముందే కూడ, మరల కషాయము పట్టవలసివచ్చును. ఎందుచేత? సెల్యులోజులో అమైడు బంధములు లేవు. తోలును పట్టుకొన్నట్లు టానిన్ నూలును గట్టిగా పట్టుకొనజాలదు. పైపైన అంటి ఉండి, దగ్గరకు వచ్చిన బాక్టీరియాల ఎంజైములను — అవియు మాంసకృత్తులే — పట్టుకొని పనిచేయనీయదు. కాని నీరు దానిని కొంచెము కొంచెముగా కడిగివేయుచుండును. జాలరికి సెల్యులోజు పేరు తెలియదు. కాని రంగు వెలసిన వల కుళ్ళుననుట బాగుగా తెలియును. నా మట్టుకు, ప్రయోగశాలలో చదువుకొన్న చాలమందికంటె ఈ పరిశీలన పదునైనదని తోచును.

ఆ టానిన్‌ను కదలకుండ నిలుపుటకు రసాయనశాస్త్రము సాయపడినది. కషాయము పట్టిన వలను అమ్మోనియా కలిపిన మైలుతుత్తపు ద్రావణములో ముంచినచో రాగియు టానినును కలిసి నీటిలో కరగని పదార్థమగును. రాగి సూక్ష్మజీవులకు విషము కూడ. ఇంగ్లండులోని ప్లిమత్ సముద్రజీవశాస్త్ర ప్రయోగశాలలో ఆట్కిన్సు 1920ల నుండి రాగి సబ్బులతో వలలను కాపాడుటను గూర్చి పరిశోధించెను. మన దేశములో మద్రాసు ప్రభుత్వము సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యమున 1905లో మత్స్యపరిశోధన ఆరంభించినది. కంభము, మార్కాపురము అప్పుడు ఆ రాష్ట్రమున కర్నూలు జిల్లాలోనివి. వలలు, పడవలు, చేపల నిలువ — వీనికే ప్రత్యేకించిన కేంద్ర సంస్థ 1957లో కొచ్చిలో ఏర్పడినది.

ఈ పరీక్షను పాఠశాలలోనే చేయవచ్చును. ఒకే కండెనుండి తీసిన నూలుదారములు కొన్నింటిని తుమ్మచెక్క కషాయములో నానవేసి ఆరబెట్టి, కొన్నింటిని అట్లే ఉంచి, అన్నింటిని తడి చెరువుమట్టి నింపిన కుండలో పాతిపెట్టవలెను. వారమున కొకసారి ఒక్కొక్క దారమును తీసి, కడిగి, తెగువరకు రాళ్ళు వ్రేలాడదీసి బరువును వ్రాసికొనవలెను. ఒక వరుసకు ఇంకొక నైలాను దారమును చేర్చినచో చరిత్రలోని తరువాతి ఘట్టము కూడ ఆ కుండలోనే కనబడును.

నైలానును అమెరికాలో డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్సు బృందము 1935లో తయారుచేసెను. 1957లో హాంబర్గులో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ జరిపిన మొదటి ప్రపంచ మత్స్యపరికర సదస్సులో ఈ కృత్రిమ నారలే ముఖ్య చర్చనీయాంశములు. మన జాలరులును తరువాతి దశాబ్దములలో నూలు విడిచి నైలానుకు మారిరి. కారణము స్పష్టమే: దీనిని తిను బాక్టీరియా చెరువులో లేదు. వారము వారము కాచుట, ఆరబెట్టుట తప్పినది. అయినను కొత్త నార కొత్త అలవాట్లను కోరినది. నైలాను నునుపు, నూలుకు చాలిన ముడి దీనికి జారిపోవును, అందుచేత రెండుచుట్ల ముడి కావలసివచ్చెను. నూలు సాంద్రత 1.5 కాగా దీనిది 1.14 మాత్రమే, వల దిగుటకు గుండ్లు హెచ్చు కావలెను. నూలు తడిసినపుడు బలపడును, నైలాను కొంత బలము కోల్పోవును.

అన్నిటికంటె ముఖ్యమైన మార్పు ఎండ విషయమున వచ్చినది. నూలువలను కడిగి మంచి ఎండలో ఆరవేయుట తరతరముల నియమము. తేమ పోయినగాని కుళ్ళు ఆగదు. నైలానుకు అదే హాని. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు దాని అణువుల గొలుసులను తెంచును. తాతలనాటి జాగ్రత్తను పాటించి వలను రోజంతయు గట్టుపై పరచువాడు ఎరుగకయే దానికి ఆయువు తగ్గించుచున్నాడు. కడిగి, నీడలో ఆరబెట్టి, మూసి ఉంచవలెను. ఇప్పుడు ప్లాస్టికుతో పోతపోసిన కయాకులతో చేపలు పట్టు వినోదకారులకును నియమము ఇదే: మంచినీటితో కడుగుట, గాలములు, చక్రములు తుడిచి ఆరబెట్టుట, పడవను నీడను ఉంచుట. శ్రీశైల జలాశయముపై వలవేయు పుట్టిలకు కూడ తోలు పోయి ప్లాస్టికు గుడ్డయు, తారును వచ్చినవి. గాజునారతో పోసిన పుట్టిలును కలవు.

ఇచ్చట ఒక చమత్కారము. నైలాను కూడ అమైడు బంధములతో కూర్చిన గొలుసే! కొల్లాజనువలె అదియు టానిన్‌ను గట్టిగా పట్టుకొనును; నైలాను బట్టలకు అద్దిన రంగు వెలయకుండ టానిన్ పట్టించుట అద్దకపువారికి తెలిసిన పద్ధతియే. నూలును పట్టలేక నెలనెల వెలసిన తుమ్మచెక్క, కుళ్ళుభయమే లేని నైలానుకు చక్కగా అంటును. టానిన్ అతినీలలోహిత కిరణములను పీల్చుకొను గుణము కలది గనుక, ఎండనుండి ఏమాత్రము కాపాడునో మట్టికుండ పరీక్ష చేసిన విద్యార్థులు మిద్దెపై ఇంకొక పరీక్ష పెట్టి చూడవచ్చును.

కుళ్ళనితనమునకు రెండవ ముఖమును చెప్పక తప్పదు. నూలువల తెగి నీట మునిగినచో కొన్నాళ్ళకు మట్టియగును. నైలాను ముక్క చెరువడుగున రాతికో మొద్దుకో చుట్టుకొని, వేసినవాడు మరచిన తరువాత కూడ చేపలను, తాబేళ్ళను, నీటికాకులను పట్టుచునే ఉండును. సముద్రమున ఇట్టివానిని దయ్యపు వలలందురు. మొద్దులు, ముళ్ళకంపలు మునిగిన కొత్త జలాశయములలో వల చిక్కుకొని తెగుట మరింత సులభము. ఒకప్పుడు జాలరి కుళ్ళకుండ కాపాడుకొనిన వలను ఇప్పుడు నీటిలో విడువకుండ కాపాడుకొనవలసియున్నది. చినిగిన భాగమును కోసి గట్టునకు తెచ్చుట, గుండ్లు బెండ్లు విప్పి మరల వాడుట, చిక్కుకొన్న చోటును గుర్తుంచుకొని పుట్టిపై తిరిగి వెళ్ళి తీయుట నేటి వలరక్షణలో చేరిన పనులు.