పేటెంటులో రాయని పనితనం

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా, కల్వకుర్తి వైపు. (2016 లో జిల్లాలు విడగొట్టాక మాది నాగర్‌కర్నూల్ జిల్లా అయింది గానీ, ఎవరన్నా అడిగితే నేనింకా పాలమూరు అనే చెప్తా.) హైదరాబాదు నుంచి ఊరికి పోవాలంటే శ్రీశైలం రోడ్డే. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్, తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు.. కళ్ళు మూసుకున్నా చెప్పగలను. ఆ పహాడీషరీఫ్ పరిసరాల్లోనే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. అందరూ ఆర్‌సీఐ అంటారు. ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచీ ఆ పేరు వింటూనే ఉన్నా, లోపల ఏం చేస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు. "మిస్సైళ్ళు చేస్తారంట" అనుకోవడం, మళ్ళీ నిద్రలోకి జారుకోవడం. అంతే.

ఈ మధ్య ఆఫీసు పని కోసం కొన్ని పాత సెన్సర్ పేటెంట్లు చదవాల్సి వచ్చింది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, అమెరికాలో మొదలైన కథ తిరిగి తిరిగి మా ఊరి బస్సు దారికే వచ్చి చేరింది. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. రాత్రి బస్సులో కిటికీ మూసేసి కూర్చున్నారనుకోండి. బయట ఏమీ కనపడదు. అయినా బ్రేకు వేస్తే తెలుస్తుంది, మలుపు తిరిగితే తెలుస్తుంది. ఈ కుదుపులూ మలుపులూ అన్నీ తప్పు లేకుండా లెక్క రాసుకుంటూ పోతే, కిటికీ తెరవకుండానే ఎక్కడున్నారో చెప్పొచ్చు. ఇనర్షియల్ నావిగేషన్ అంటే ఇంతే. కుదుపుల లెక్క యాక్సెలరోమీటరుది, మలుపుల లెక్క గైరోస్కోపుది. శాటిలైట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. చిక్కల్లా, మలుపు లెక్కలో రవ్వంత తప్పు జరిగినా అది పెరుగుతూనే ఉంటుంది. వడ్డీ మీద వడ్డీ లాగా.

పాతకాలపు గైరోల్లో గిర్రున తిరిగే చక్రం ఉండేది. తిరిగేది ఏదైనా అరుగుతుంది. చక్రం లేకుండా, ఉత్త వెలుగుతో మలుపుని కొలవొచ్చని 1913 లో ఫ్రాన్సులో జార్జ్ సాన్యాక్ చూపించాడు. ఒక వలయంలో రెండు కాంతి కిరణాల్ని ఎదురెదురు దిక్కుల్లో పంపితే, ఆ వలయం తిరుగుతున్నప్పుడు తిరిగే వైపు పోయే కిరణానికి దారి కొంచెం ఎక్కువవుతుంది, ఎదురొచ్చే దానికి తక్కువవుతుంది. (పాపం ఆయన ఈథర్ ఉందని రుజువు చెయ్యడానికి ఈ ప్రయోగం చేశాడు. ఈథర్ మిగల్లేదు, ప్రయోగం మిగిలింది :)) అయితే ఆ తేడా ఎంత చిన్నదంటే, 1925 లో మైకెల్సన్, గేల్ కలిసి ఇదే పద్ధతిలో భూమి తిరగడాన్ని పట్టుకోవడానికి 612 మీటర్ల పొడవు, 339 మీటర్ల వెడల్పుతో పైపులు వేసి, అందులో గాలి తీసేసి వెలుగు పంపాల్సి వచ్చింది. అది తీసుకెళ్ళి విమానంలో పెట్టలేం కదా!

1960 లో లేజర్ వచ్చింది. 1963 లో స్పెర్రీ కంపెనీలో మాసెక్, డేవిస్ అనే ఇద్దరు, వలయంలో లేజర్ వెలుగుని బయటినుంచి పంపడం కాదు, వలయాన్నే లేజర్‌గా మార్చేశారు. ఒక్కో భుజం మీటరు పొడవున్న చతురస్రం అది. ఇప్పుడు రెండు దిక్కుల వెలుగుకీ ఫ్రీక్వెన్సీ కొంచెం వేరవుతుంది. ఆ తేడాని లెక్కపెడితే చాలు.

ఎంత తేడా? సరదాకి మహబూబ్‌నగర్‌కి లెక్క కట్టాను. ఊరు సుమారు 16.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంటే, అక్కడ నేల మీద పరిచి పెట్టిన వలయానికి అందేది గంటకి 4.3 డిగ్రీలు. ఒక్కో భుజం 10 సెంటీమీటర్లున్న త్రిభుజాకారపు గైరోని మహబూబ్‌నగర్ బస్టాండులో బల్ల మీద కదలకుండా పెట్టినా, అది సెకనుకి రెండు లెక్కల చొప్పున "తిరుగుతున్నాం" అని చెప్పాలి. ఆ వెలుగు ఊగేదేమో సెకనుకి దాదాపు 4.74 కోట్ల కోట్ల సార్లు. అందులో రెండు ఊపుల తేడా పట్టుకోవాలన్నమాట.

లెక్క ప్రకారం చెప్పాలి. కానీ చెప్పదు! సున్నా చూపిస్తుంది. ఎందుకంటే అద్దాలు ఎంత నునుపుగా ఉన్నా కొంచెం వెలుగు వెనక్కి చెదురుతుంది. అది ఎదుటి కిరణంలో కలిసి రెండిటినీ ఒకే ఫ్రీక్వెన్సీకి లాగేస్తుంది. పక్కపక్కన నడిచే ఇద్దరి అడుగులు తెలియకుండానే కలిసిపోయినట్టు. దీన్ని లాక్-ఇన్ అంటారు. నెమ్మదిగా తిరిగినంత సేపూ గైరో గుడ్డిదే.

దీనికి హనీవెల్ ఇంజినీరు జోసెఫ్ కిల్‌పాట్రిక్ ఒక ఉపాయం కనిపెట్టాడు. గైరో మొత్తాన్నీ చిన్న కోణంలో అటూ ఇటూ, సెకనుకి కొన్ని వందల సార్లు వణికించడం! ఎప్పుడూ వేగంగా కదులుతూనే ఉంటుంది కాబట్టి కిరణాలకి అతుక్కుపోయే తీరిక దాదాపుగా ఉండదు. వణుకు అటూ ఇటూ సమానం కాబట్టి చివర్లో దాన్ని తీసేస్తే అసలు మలుపు మిగులుతుంది. 1968 మార్చిలో దీనికి 3,373,650 నంబరుతో అమెరికా పేటెంటు వచ్చింది.

ఇది చదవగానే నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా తాత మేస్త్రి. "పాలమూరు లేబర్" అనే మాట మీరు వినే ఉంటారు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మా జిల్లా మట్టిపనోళ్ళు ఉంటారని చెప్పుకుంటారు. తాత కుర్రతనంలో నాగార్జునసాగర్‌లో, తర్వాత శ్రీశైలంలో పని చేశాడు. ఆయన దగ్గర దారానికి కట్టిన ఇనప గుండు, రసమట్టం, ఒక పొడుగాటి నీళ్ళ పైపు ఉండేవి. దూరంగా ఉన్న రెండు గోడలకి మట్టం చూడాలంటే ఆ పైపే. ఈ చివరా ఆ చివరా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి, గీత గీసుకోవడమే. మా ఇంటికి గది వేసేటప్పుడు ఒక చివర నాతో పట్టించాడు. నేను గీత గీయబోతుంటే ఆపి, పైపు పొడుగునా వేళ్ళతో టకటకా కొట్టుకుంటూ వచ్చాడు.

"ఏంది తాతా, ఎందుకు కొడ్తున్నవ్?"

"లోపల బుడగ ఇరుకుంటది బిడ్డా. బుడగ ఉంటే మట్టం అబద్ధం చెప్తది. కదిలియ్యాలె."

కిల్‌పాట్రిక్ ఉపాయమూ అదే. ఇరుక్కున్నదాన్ని కదిలియ్యాలె! తాత కనిపెట్టాడని గొప్పలు చెప్పడం లేదండీ, ఎక్కడి మేస్త్రీలకైనా ఇది తెలుసు. నేను అడిగేది వేరే. ఉపాయం ఇంత తేలికైనప్పుడు, పేటెంటు రూపంలో బొమ్మలతో సహా అచ్చయినప్పుడు, ప్రపంచంలో అందరూ ఎందుకు చేసుకోలేకపోయారు?

పేటెంటు అంటే ఒక ఒప్పందం. నీ రహస్యం బయటపెట్టు, కొన్నేళ్ళు దాని మీద హక్కు నీకే ఉంటుంది అని. అప్పటి అమెరికా చట్టంలో అది 17 ఏళ్ళు. అంటే 1985 తో ఆ హక్కు అయిపోయింది. పైగా అమెరికా పేటెంటు అమెరికాలోనే చెల్లుతుంది. నేను ఆ కాయితాలు ఒక్క సాయంత్రంలో చదివేశాను. మన భాషలో చెప్పాలంటే సోర్సు కోడ్ మొత్తం చేతిలో ఉంది. కానీ బిల్డ్ అవ్వదు. ఎందుకంటే కావలసిన లైబ్రరీలు ఇంకెక్కడో ఉన్నాయి.

ఆ లైబ్రరీల పేరు అద్దాలు. వేడికి దాదాపు పెరగని ఒక రకం గాజు సెరామిక్ దిమ్మ కావాలి. దానికి సన్నటి సొరంగాలు తొలవాలి. హీలియం, నియాన్ నింపి ఏళ్ళ తరబడి లీకవ్వకుండా మూయాలి. అన్నిటికంటే కష్టం, వెలుగుని చెదరగొట్టని అద్దాలు. వాటి మీద పొరలు పొరలుగా ఆక్సైడ్ పూత వెయ్యాలి. అయాన్ల ధారతో ఆ పూత వేసే పద్ధతికి లిట్టన్ కంపెనీ వాళ్ళ కోసం వెయ్, లౌడర్‌బ్యాక్ అనే ఇద్దరు 1979 లో పేటెంటు తీసుకున్నారు.

అప్పటికే ఇది పెద్ద వ్యాపారం అవబోతోంది. 1982 లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 767 లో దారి చూపించింది హనీవెల్ లేజర్ గైరోలే. అద్దాల పద్ధతి మాది కాపీ కొట్టారంటూ 1990 లో లిట్టన్ హనీవెల్ మీద కేసు వేసింది. 1993 లో జ్యూరీ 120 కోట్ల డాలర్లు కట్టమంది. 1995 లో జడ్జి ఆ తీర్పు కొట్టేశారు. తర్వాత అప్పీలు, సుప్రీంకోర్టు, మళ్ళీ కింది కోర్టు.. చివరికి 2001 లో, దానితో పాటు నడిచిన యాంటీట్రస్టు కేసుతో కలిపి, 44 కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. పదకొండేళ్ళ కొట్లాట. గమనించండి, గొడవంతా గైరో ఎలా పని చేస్తుందన్న దాని గురించి కాదు. అద్దానికి పూత ఎలా వెయ్యాలన్న దాని గురించి!

ఇక మన సంగతి. 1983 లో కలాం నాయకత్వంలో మన మిస్సైల్ కార్యక్రమం మొదలైంది. 1987 లో ఏడు దేశాలు కలిసి ఎంటీసీఆర్ అనే ఒప్పందం పెట్టుకున్నాయి. మిస్సైళ్ళకి పనికొచ్చే వస్తువుల అమ్మకాల మీద అదుపు. ఆ జాబితాలో గైరోలు కూడా ఉన్నాయి. గంటకి అర డిగ్రీ కంటే తక్కువ జరిగే గైరో ఏదైనా అదుపులోకే వస్తుంది. పేటెంటు చదువుకో, వస్తువు మాత్రం అడగొద్దు అన్నమాట. ఆ తర్వాతి ఏడాది, 1988 లో, కలాం ఆర్‌సీఐని నిలబెట్టారు. 1989 మే 22 న మొదటి అగ్ని ఎగిరింది. లేజర్ గైరో మాత్రం అంత త్వరగా చేతికి రాలేదు. 2011 నవంబరు 15 న అగ్ని-4 పరీక్షలో, స్వదేశీ రింగ్ లేజర్ గైరోలతో చేసిన నావిగేషన్ వ్యవస్థ, దానికి తోడుగా ఉన్న మైక్రో నావిగేషన్ వ్యవస్థ కలిసి మొదటిసారి మిస్సైల్‌ని నడిపించాయని డీఆర్‌డీఓ ప్రకటించింది.

1968 లో అచ్చయిన ఉపాయానికీ, 2011 లో ఆ పరీక్షకీ మధ్య 43 ఏళ్ళు. "మనోళ్ళు కాపీ కొట్టడానికి కూడా నలభై ఏళ్ళు తీసుకున్నారు" అని మా స్నేహితుడొకడు వెక్కిరించాడు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. కాపీ కొట్టడానికి అక్కడ ఉన్నది ఆలోచన ఒక్కటే. పనితనం కాయితం మీద లేదు. గాజు ఎంతసేపు అరగదీయాలి, పూత ఎక్కడ చెడిపోతుంది, ఏ దుమ్ము కణం ఏం చేస్తుంది.. ఇవి చేసి, పాడుచేసి, మళ్ళీ చేసి నేర్చుకోవాల్సినవి. అమెరికాలో రెండు పెద్ద కంపెనీలే దానికోసం పదకొండేళ్ళు కోర్టుల్లో కొట్టుకున్నాయంటే, ఆ పనితనం విలువ ఎంతో అర్థం చేసుకోవచ్చు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంకొకటుంది. కిల్‌పాట్రిక్, వెయ్, లౌడర్‌బ్యాక్.. ఈ పేర్లు నాకెలా తెలిశాయి? పేటెంటు మీద ఉన్నాయి కాబట్టి. ఇమారత్‌లో మొదటి గైరో దిమ్మకి సొరంగం తొలిచింది ఎవరు? మొదటి మంచి అద్దం ఎవరి చేతుల్లోంచి వచ్చింది? నాకు తెలియదు, మీకూ తెలియదు. 1970 నాటి మన పేటెంట్ చట్టంలో 35వ సెక్షన్ ఉంది. రక్షణకి సంబంధించినదనిపిస్తే ఆ ఆవిష్కరణని బయటపెట్టకుండా ఆపొచ్చు. అందులో తప్పు లేదు, అవసరమే. కానీ దాని ఖరీదు ఏంటంటే, ఆ మనుషుల పేర్లు కూడా లోపలే ఉండిపోతాయి.

మన ఐటీ ఆఫీసుల్లో పేటెంటు వస్తే ఒక ఫలకం ఇస్తారు, డెస్కు మీద పెట్టుకుంటాం, ప్రొఫైల్‌లో రాసుకుంటాం. నేనూ ఒకటి రావాలని చూస్తున్నవాడినే, దాచుకోవడం ఎందుకు :) ఆలోచనకి పేరు ఉంటుంది, పనితనానికి ఉండదు. సాగర్ డ్యాం మీద శిలాఫలకం ఉంది. అందులో మా తాత పేరు లేదు, ఆయన పక్కన రాయి మోసినవాళ్ళ పేర్లూ లేవు. ఆ సంగతి ఒకసారి అంటే తాత నవ్వి ఊరుకున్నాడు. "పేరు ఏంజేసుకుంటం బిడ్డా, నీళ్ళు నిలవడ్డయ్ కద" అన్నాడు. ఆయనకి అది చాలేమో గానీ, నాకు చాలదు.

ఇమారత్ అంటే ఉర్దూలో కట్టడం. మొన్న పండక్కి ఊరికి పోతూ పహాడీషరీఫ్ దగ్గర ఈసారి నిద్రపోలేదు. కిటికీ తెరిచి అటే చూస్తూ కూర్చున్నా. బయటికేమీ కనపడలేదు. కనపడదనీ తెలుసు.